తూకం కింద ఎర్ర లక్క

సోమవారం ఉదయం ఎనిమిదింబావుకు తూకాలాయన ప్యాంటు గుండీ తెగి, ఎదురుగా కూర్చున్న అత్తగారి కాఫీలో పడింది. అత్తగారు దాన్ని చెంచాతో తీసి సాసరులో పెట్టారు.

వ్యవహారం శనివారం మొదలైంది. దుకాణాల్లో తూకం యంత్రాలు సరిచేయడం ఆయన పని. భార్య ఇంట్లోనే బట్టలు కుడుతుంది. కొన్నాళ్లు బాగానే తగ్గిన ఆయన బరువు ఎనభై నాలుగు కిలోల దగ్గర మొండికేసింది. డాక్టరు అది మామూలేనన్నాడు. ఇష్టమైనవి మానక్కర్లేదు, సగం తినండి, ఇంకాస్త నడవండి అన్నాడు. ఆయన చెవికి మానక్కర్లేదన్న మాటే ఎక్కింది.

భార్య గడువు పెట్టింది. ఆదివారం పొద్దునకు ముల్లు కిందికి దిగకపోతే వేయించిన బంగాళాదుంపలు ఈ ఇంటి గడప తొక్కవంది. ఆ దుంపలంటే ఆయనకు ప్రాణం. ఆవిడ ఒకసారి అన్న మాట వెనక్కి తీసుకున్న దాఖలా లేదు.

శనివారం మధ్యాహ్నం ఆవిడ కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి వెళ్లింది. అత్తగారు కునుకు తీస్తున్నారు. ఆయన పనిసంచీతో స్నానాల గదిలో దూరి, గడియ పెట్టుకుని ఇంటి తూకాన్ని బోర్లించాడు. ఖాళీగా ఉన్నప్పుడు ముల్లు సున్నా మీదే ఉండాలి, మనిషి ఎక్కితే తక్కువ చూపాలి. అడుగునున్న మర అలా తిప్పాడు. అంతలో గేటు చప్పుడైంది. చేతులు వాటంతటవే పని ముగించాయి. పానా కిందపడింది.

"ఏమండీ, ఏంటా చప్పుడు?"

"సబ్బు జారింది."

"ఇనప సబ్బా?"

ఆయన కుళాయి తిప్పాడు.

ఆదివారం ముల్లు ఎనభై రెండు దగ్గర ఆగింది. భార్య కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూసింది. సరదాపడి అత్తగారూ ఎక్కారు. ఆవిడా తగ్గారు.

"నేనేమీ మానలేదే!" అన్నారు అత్తగారు.

ఇంట్లో అందరికీ కలిసొచ్చిందన్నాడు అల్లుడు. భార్య దుంపలు వేయించింది. ఆయన రెండు పళ్లేలు తిన్నాడు. తింటుండగానే ఆవిడ బీరువాలోంచి ఆయన ప్యాంట్లన్నీ తీసింది. బరువు తగ్గాక నడుము వదులవుతుందని, నలుగురిలో జారిపోతే పరువు పోతుందని చెప్పి, నడుములు బిగించి కుట్టడం మొదలుపెట్టింది. కుట్టుమిషన్ సాయంత్రం దాకా ఆగలేదు. ఆయన పక్కగదిలో కూర్చుని ప్రతి కుట్టూ విన్నాడు. వద్దంటే తూకం సంగతి బయటపడుతుంది.

సోమవారం ఊపిరి బిగబట్టి గుండీ పెట్టుకున్నాడు.

"సరిపోయిందా?" అంది భార్య.

ఆయన తలూపాడు. మాట్లాడితే గాలి వదలాలి.

"కూర్చో నాయనా, కాఫీ తాగు," అన్నారు అత్తగారు.

ఆయన కూర్చున్నాడు.

గుండీ సాసరులోకి చేరాక భార్య లోపలికెళ్లి తూకం తెచ్చి, బల్ల మీద బోర్లించింది. మర మీద ఎర్ర లక్క చుక్క ఉంది. సరిచేసిన తూకాన్ని ఇంకెవరూ కదపకుండా మర మీద లక్క వేయడం ఆయన వృత్తిలో రివాజు. శనివారం కంగారులో చెయ్యి అలవాటు కొద్దీ ఆ పనీ చేసేసింది.

"దుకాణం తూకానికైతే సరే. స్నానాల గదిలో దానికెవరొచ్చి వేశారండీ?"

ఆయన అత్తగారి వైపు చూశాడు.

"ఎర్ర సబ్బు అంటుకుందేమోనే," అన్నారావిడ.

"ఎప్పుడు చూశావు?" అన్నాడు భార్యతో, చిన్నగా.

"నిన్నే. అమ్మ తగ్గినప్పుడు."

"మరి దుంపలెందుకు వేయించావు?"

"వాటి మీద నాకేం కోపం? ఎన్ని తింటారో చూద్దామనుకున్నాను."

కుట్లు విప్పమని బతిమాలాడు. నడుమే కుట్ల దగ్గరికి రావాలి గాని కుట్లు నడుము దగ్గరికి రావని ఆవిడ చెప్పింది. ఆయన రాత్రి వేసుకుని పడుకున్న పైజామాలోనే పనికి బయల్దేరాడు. తెలిసినవాళ్ల కంట పడకుండా చుట్టుదారిన నడిచి వెళ్లాడు, నడిచే వచ్చాడు.

రాత్రి భోజనంలో దుంపలు వడ్డించారు. పొద్దుటి కాఫీ సాసరులో, అది పట్టినన్ని.

తర్వాత ఆయన భార్య ముందు మర వెనక్కి తిప్పి, మళ్లీ లక్క వేసి, తూకం ఎక్కాడు. ముల్లు ఎనభై అయిదు చూపించింది.