కళ్ళెం వీధిలో డాక్టరుగారి సవారీ

ఊళ్ళో అందరి చేతా నోరు తెరిపించే పళ్ళ డాక్టరుగారు ఇంట్లో మాత్రం నోరు మెదపరు. అలాంటి మనిషి ఆ ఆదివారం పొద్దున్నే ఈల వేస్తూ బూట్లు తుడుచుకుంటుంటే, ఏదో కొంప ముంచే ఆలోచనే అని భార్య పసిగట్టకపోతుందా?

వాళ్ళుండే కాలనీ ఒకప్పుడు గుర్రాల ఫారం. గుర్రాలు పోయి ఇళ్ళొచ్చినా పేర్లు మాత్రం పోలేదు. వీళ్ళది కళ్ళెం వీధి, వెనకది జీను వీధి. పాత గుర్రపుశాల ఇప్పుడు కాలనీ మీటింగు హాలు. అప్పట్లో అక్కడ గుర్రాలు తన్నుకునేవి, ఇప్పుడు మనుషులు.

ఆ పూట డాక్టరుగారి తోడల్లుడు కొత్త కారులో భోజనానికి వస్తున్నాడు. ఆయన్ని ఇంటిల్లిపాదీ చాటుగా డాబుదొర అంటారు. కిందటిసారి వచ్చినప్పుడు, "అన్నగారూ, మీ కారింకా నడుస్తోందా? మ్యూజియం వాళ్ళు అడగలేదూ?" అన్నాడు. ఆ మాట డాక్టరుగారి గుండెలో పిప్పిపన్నులా సలుపుతూనే ఉంది. అందుకే సరిగ్గా కారు వచ్చే వేళకి గుర్రం మీద ఎదురెళ్ళాలని నిశ్చయించుకున్నారు.

"ఏమిటండీ ఆ బూట్లు?" భార్య అడిగింది.

"వాకింగుకి."

"మోకాళ్ళ దాకా ఉన్నాయి. వాకింగు పొలం దున్నుతూనా?"

"గుర్రాల సంగతి నీకేం తెలుసు?" నోరు జారారు డాక్టరుగారు.

"నేనడిగింది బూట్ల సంగతి. మధ్యలో గుర్రం ఎందుకొచ్చింది? అయినా మీకు తెలిసింది గుర్రు గాని గుర్రం కాదు."

ఇక అక్కడ నిలబడితే నిజం బయటపడుతుందని ఆయన గబగబా గేటు దాటేశారు.

వీధి చివరింట్లో ఫారం పాత యజమాని తాతగారు, ఫారంలో మిగిలిన ఆఖరి గుర్రంతో కాపురముంటున్నారు. దాని పేరు రాణి. తాతగారికి కట్టుడుపళ్ళు పెట్టింది డాక్టరుగారే. ఆ మొహమాటం కొద్దీ గుర్రాన్ని ఇవ్వడానికి ఒప్పుకున్నారు.

"రాణి సాధువే బాబూ. కాకపోతే పాత దారులంటే దానికి ప్రాణం. గట్టిగా లాగితే మొండికేస్తుంది."

"ఎంతమంది మొండివాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టానో మీకు తెలీదు."

"అక్కడ వాళ్ళు కూర్చుంటారు. ఇక్కడ కూర్చునేది మీరు."

స్టూలు వేసుకుని, తాతగారి భుజం పట్టుకుని, ఎలాగో పైకెక్కారు. కిందికి చూస్తే నేల పక్క ఊళ్ళో ఉన్నట్టుంది. కానీ రాణి నాలుగడుగులు వేసేసరికి ఆయన ఛాతీ ఉబ్బింది. గేట్ల దగ్గర జనం. పిల్లల కేకలు. డాక్టరుగారు చెయ్యి ఊపారు. వెంటనే ఆ చెయ్యి తెచ్చి మళ్ళీ జీనుకే అతికించుకున్నారు.

అంతలో వీధి మలుపులో కొత్త కారు తళుక్కుమంది.

ఇదే సమయం అనుకుని డాక్టరుగారు కళ్ళెం గట్టిగా లాగారు. రాణి చెవులు రిక్కించి, రోడ్డు వదిలేసి, ఎడమ పక్క ఇంటి పూలకంచెలోంచి దూసుకుపోయింది. ఒకప్పుడు గుర్రాలు పరుగెత్తే బాట అదే. మధ్యలో ఇళ్ళు కట్టారని దానికెవరూ చెప్పలేదు.

ఒక పెరడు, రెండో పెరడు. ఆరేసిన దుప్పటి వచ్చి డాక్టరుగారి నెత్తిన పడింది. మొక్కలకి నీళ్ళు పోస్తున్న సంగీతం టీచరుగారు పక్కకి గెంతి, "డాక్టరుగారూ, రేపు నా పన్ను పీకుతానన్నారు కదా?" అని అరిచారు.

"రేపటికి నేనుంటే," దుప్పట్లోంచి జవాబొచ్చింది.

అక్కణ్ణించి ఆయన ఏమీ చూడలేదు. రాణి మెడ కావలించుకుని, తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచి, తెలియనివాళ్ళని కూడా పిలవబోతుండగా అది ఠక్కున ఆగింది. దుప్పటి తొలగించి చూస్తే తన పెరడే. రాణి వంటింటి కిటికీలో తల దూర్చేసింది.

లోపల భార్య తాపీగా క్యారెట్ ముక్కలు అందిస్తోంది.

"వచ్చావా తల్లీ, ఇవాళ ఆలస్యమైందేం?"

ఆ కంగారులో తననే అడుగుతోందనుకుని డాక్టరుగారు సమాధానం చెప్పబోయారు.

ఈలోగా కారు దిగిన డాబుదొర, ఆయన భార్య పెరట్లోకి పరుగెత్తుకొచ్చారు.

"అక్కా, నీకు భయం వెయ్యడంలేదూ?"

"భయమెందుకే? మీ బావగారు క్లినిక్కుకి వెళ్ళగానే రోజూ దీని మీదే తిరుగుతున్నా. తాతగారు నేర్పారు."

డాక్టరుగారు నోరు వెళ్ళబెట్టారు. "మరి నాకు చెప్పలేదేం?"

"చెబితే మీరూ ఎక్కుతానంటారని. మీరు స్టూలు ఎక్కగానే తాతగారు ఫోన్ చేశారు, క్యారెట్లు తరిగి ఉంచమని. ఇక దిగండి."

దిగడం అనడానికి లేదు, జారారు. భార్య పెరట్లోకి వచ్చి, చీర కుచ్చెళ్ళు బిగించి ఒక్క ఊపున ఎక్కి కూర్చుంది. చెల్లెలు "నేనూ, నేనూ" అంటూ వెంటపడింది.

"ఏమండీ, పొయ్యి మీద కూర అడుగంటుతుంది, కలుపుతూ ఉండండి," అని గుర్రం మీంచి ఒక ఆజ్ఞ.

దగ్గరికి రానని మొరాయిస్తున్న కాళ్ళని ఎడంగా వేసుకుంటూ డాక్టరుగారు వంటింట్లోకి నడిచారు. కాసేపటికి డాబుదొర కూడా పిల్లిలా వచ్చి పక్కన నిలబడ్డాడు.

"అన్నగారూ, మా ఆవిడ అప్పుడే గుర్రం కొనమంటోంది. నాకా, కుక్కపిల్లని చూసినా వణుకు. ఏదో ఒకటి చెప్పి తప్పించండి."

ఇన్నేళ్ళకి డాక్టరుగారికి తోడల్లుడిలో తోడు కనిపించింది. ఆప్యాయంగా దగ్గరికి తీసుకుని గరిటె ఆయన చేతిలో పెట్టి, తను ఉల్లిపాయలు తరగడానికి కూర్చోబోయి, కూర్చోలేక నిలబడే తరిగారు.