జయానందం మాస్టారి ఎడమ పెదవి

జయానందం మాస్టారి కింది పెదవిలో ఎడమ సగం ఒక్క గోరంత దిగితే చాలు, ఆయన పాటలు నేర్పే మెదక్ పెద్ద చర్చి క్వయర్‌లో పన్నెండు గొంతులు ఒక్కసారే ఆగిపోయేవి. ఆ పెదవిని లాగే కండను చూసి పోవడానికి హైదరాబాద్ నుంచి ఇద్దరు పెద్ద డాక్టర్లు బస్సెక్కి మరీ వచ్చారు. పాట తప్పిందని మాస్టారు నోటితో చెప్పిన రోజు లేదు. అన్నీ పెదవే చెప్పేది.

ఆ శనివారం ఆయన వేసుకున్న పథకం చిన్నదే. తొమ్మిదింటికి దవాఖానలో పుచ్చిన పన్ను పీకించుకోవాలి. పదింటికి, క్రిస్మస్ నాడు ఒంటరిగా పాడే మనిషిని ఎంచాలి. నవోమి అనే పిల్ల దానికోసం మూడేళ్లుగా ఆశపడుతోంది. జనవరిలో శంకరంపేటకు టీచరుగా పోతోంది కాబట్టి ఈ క్వయర్‌లో ఆమెకు ఇదే ఆఖరి క్రిస్మస్.

డాక్టరమ్మ ఎలిశిబా పన్ను పీకి, దూది కుక్కి, ఆయన గడ్డం పక్కన వేలు పెట్టి చూపింది.

"సారూ, గీ దవడ ఎముక కాడ మొదలై పెదవిలకు పోయే కండ ఉంటది. చిటికెన వేలంత గూడ ఉండది. పెదవిని కిందికి గుంజేది గదే. సూదిమందు దాని నరానికి గూడ తాకింది. పగటీలి పన్నెండు గంటల దాంక కదలది. దూది ఒత్తిపట్టుండ్రి, నోరు తెరవకుండ్రి."

నోరు తెరవకపోతేనేం, పెదవి ఉంది కదా అనుకున్నారు మాస్టారు. కదలదన్న మాట చెవిన పడింది గాని, ఆయన నమ్మలేదు.

పదింటికి చర్చిలో, ఒంటరి పాట కోరిన ఇద్దరిలో మొదట పోస్ట్‌మన్ గాబ్రియేలు లేచాడు. రెండో చరణానికే అతని గొంతు చర్చి గోపురం ఎక్కింది. మాస్టారు అలవాటుగా పెదవి దించబోయారు. దిగలేదు. మళ్లీ దించబోయారు. కనుబొమ్మ కదిలింది గాని పెదవి కదలలేదు.

"సూసిండ్రా? సారు పెదవి దిగలే!" అని గాబ్రియేలు ఇంకో మెట్టు పైకి అందుకున్నాడు.

ఆపమని మాస్టారు బల్ల చరిచారు. తాళం వేస్తున్నారనుకుని అతడు వేగం పెంచాడు. ఇక లాభం లేదని ఆయన రెండు చేతులూ ఊపారు. అందరినీ కలవమంటున్నారనుకుని పది గొంతులు గాబ్రియేలు వెంట పడ్డాయి. చర్చి ఎదురుగా సైకిల్ దుకాణం నడిపే సాబిర్ చేతిలో పంపుతోనే ఉరికొచ్చాడు.

"క్యా హువా మాస్టర్‌సాబ్? ఎవరన్న పోయిండ్రా?"

పాట ఆగింది.

ఇక మిగిలింది నవోమి. మూడేళ్లూ ఆమె మొదటి చరణం మధ్యలో ఆ పెదవిని చూసి నోరు మూసుకుని కూర్చున్నదే. ఇవాళా అక్కడే గొంతు కాస్త జారింది. ఓరగా చూసింది. మాస్టారు శాయశక్తులా దించుతూనే ఉన్నారు, అది రాయిలా కూర్చుంది. నవోమి జారిన చోటు తానే సర్దుకుని చివరిదాకా పాడింది. సాబిర్ పంపు కింద పెట్టి నిలబడిపోయాడు.

మాస్టారు దూది తీసేశారు. "నువ్వే పాడాలె బిడ్డా! ఇన్నొద్దులు గీ గొంతు ఏడ దాసిపెట్టినవ్?"

"మీ పెదవి కిందనే సారూ," అంది నవోమి. "అది ఇయ్యాల్నే దిగలే."

మాస్టారు గడ్డం తడుముకున్నారు. చిటికెన వేలంత కూడా లేని కండ మూడేళ్లు ఒక మనిషి గొంతును పట్టి ఆపిందంటే ఆయనకు ముందు గర్వమేసింది, వెంటనే సిగ్గేసింది. సోమవారం నుంచి మిట్టమధ్యాహ్నమైనా సరే, ముక్కుదాకా మఫ్లర్ చుట్టుకునే పాటలు నేర్పారు. క్రిస్మస్ నాడు నవోమి పాడుతుంటే ఆ మఫ్లర్ చాటున పెదవి ఏం చేసిందో ఎవరూ చూడలేదు.

హైదరాబాద్ డాక్టర్లు వచ్చారన్నది మాత్రం నేను కల్పించిందే. వచ్చినా మఫ్లర్ తప్ప ఏం చూసేవాళ్లు?