నేర్చుకుంటున్నారో లేదో చూసే ఆఫీసు

"ఇకమీదట బిజినెస్ డిగ్రీ చదివే ఏ విద్యార్థీ పని ముట్టుకోకుండా పట్టా ముట్టుకోడు" అని నైపుణ్యాల శాఖ మంత్రిగారు ప్రకటించారు. హాలంతా చప్పట్లు.

"ముట్టుకోవడం అంటే ఏంటి సార్?" అని ఒక విలేకరి అడిగాడు.

"గైడ్‌లైన్స్‌లో వస్తుంది" అన్నారు మంత్రిగారు.

వచ్చింది. నూట పన్నెండు పేజీలు. అందులో తొంభై పేజీలు మంత్రిగారి ఫొటోలేనని ప్రతిపక్షం ప్రచారం చేసింది. పచ్చి అబద్ధం. నేను కూర్చుని లెక్కపెట్టాను, ఎనభై ఏడే.

మిగతా పేజీల సారాంశం ఇది. ఆఖరి సంవత్సరం విద్యార్థులు ఎనిమిది వారాలు ఒక నిజమైన ఆఫీసులో పని చేస్తూ నేర్చుకోవాలి. ఏం నేర్చుకున్నారో అక్కడి అధికారి సర్టిఫికెట్‌లో రాసి సంతకం పెట్టాలి. సంతకం లేకపోతే డిగ్రీ లేదు.

మంత్రిగారు స్వయంగా మూడొందల కంపెనీలకి ఉత్తరాలు రాశారు. పదకొండు జవాబులొచ్చాయి. ఆరుగురు "మాకే పని లేదు" అన్నారు. నలుగురు "రండి గానీ ఏమీ ముట్టుకోవద్దు" అన్నారు. ఒకరు "మీరెవరు?" అని అడిగారు. దాంతో ఎవరి బాబాయి కంపెనీలో వాళ్లు సర్దుకున్నారు. కంపెనీలున్న బాబాయిలు లేని నలభై మందిమి మిగిలిపోయాం. మా మావయ్యకి లాండ్రీ ఉంది గానీ, దాన్ని కంపెనీ అనడానికి గైడ్‌లైన్స్ ఒప్పుకోలేదు. మా మావయ్యా ఒప్పుకోలేదు.

మంత్రిగారి మేధస్సు ఇలాంటప్పుడే బయటపడుతుంది. విద్యార్థులు కంపెనీల్లో సరిగ్గా నేర్చుకుంటున్నారో లేదో చూడ్డానికి ఆయన ఒక పర్యవేక్షణ ఆఫీసు పెట్టించి ఉన్నారు. అదీ ఆఫీసే కదా. నలభై మందినీ అందులోనే వేశారు.

జిరాక్స్ షాపు పైన రెండు గదులు, ఒక వరండా, ఒక వాటర్ ఫిల్టరు. అధికారి డిప్యూటీ గారు. మహా నిక్కచ్చి మనిషి. ఒకసారి మూడు నిమిషాలు ఆలస్యంగా వచ్చి, హాజరు పట్టీలో తన పేరు పక్కన తనే ఎర్ర సిరాతో గీత పెట్టుకున్నారు. తర్వాత ఆ గీత ఎందుకు పడిందో రాసివ్వమని తననే అడిగారు.

పని పంపకం సులువుగానే జరిగింది. మొదటి గదిలో ఇరవై మందిమి నేర్చుకోవాలి. రెండో గదిలో ఇరవై మంది వచ్చి, మేం నేర్చుకుంటున్నామో లేదో చూసి ఏడో నంబరు ఫారం నింపాలి. భోజనాల తర్వాత గదులు మారతాం.

ఫారంలో ముప్ఫై రెండు గడులు. "కుర్చీకి కాళ్లెన్ని?" "విద్యార్థి ముఖంలో ఆసక్తి ఎటువైపు ఉంది?" లాంటి లోతైన ప్రశ్నలు. మొదటిరోజు నేను మా క్లాసు పొడుగోడిని తనిఖీ చేశాను.

"ఏం చేస్తున్నావ్?"

"నేర్చుకుంటున్నా."

"ఏం నేర్చుకుంటున్నావ్?"

"తనిఖీ ఎలా చేస్తారో."

"ఎలా చేస్తారు?"

"ఇదిగో, ఇలాగే. నీ వేలు గడి మీద పెట్టు, కిందికి జారిపోతోంది."

"అద్భుతం" అని రాసుకున్నాను. వాడూ మధ్యాహ్నం నా గురించి అదే రాశాడు.

మూడో వారానికి నాకు కొంచెం విసుగొచ్చి, నలభై ఒకటో విద్యార్థిగా వాటర్ ఫిల్టరు పేరు చేర్చి ఒక ఫారం నింపాను. "మితభాషి. రోజంతా నిలబడే ఉంటాడు. ఒత్తిడిలో కూడా చల్లగా ఉంటాడు." సాయంత్రానికి డిప్యూటీ గారి సంతకంతో తిరిగొచ్చింది. పక్కన ఒక వాక్యం కూడా ఉంది: "మిగతావారు ఇతన్ని చూసి నేర్చుకోవాలి."

అంతా సజావుగా సాగుతున్న రోజుల్లో కళ్లద్దాలు చెడగొట్టింది.

కళ్లద్దాలు మా క్లాసమ్మాయి. గైడ్‌లైన్స్‌లో ఫొటోలు కాని పేజీలు కూడా చదివిన మనిషి. ఆమెకి టైల్స్ కంపెనీలో ఉద్యోగం ఖాయమైంది, డిగ్రీ చేతిలో పెట్టుకుని వచ్చే నెల మొదటి సోమవారం చేరాలి. వాళ్ల నాన్న అదే కంపెనీకి లారీ తోలతాడు. కూతురు ఆ ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుంటే ఒకసారి గేటు దగ్గర్నుంచి చూడాలని ఆయన కోరిక. పెద్ద కోరికలేం లేవాయనకి.

ఏడో నంబరు ఫారంలో ఆఖరి గడి "మొత్తం మీద అభిప్రాయం". మేమంతా "తృప్తికరం" అని రాసేవాళ్లం. గడి కూడా సరిగ్గా ఆ మాటకే సరిపోయేటట్టు గీశారు. ఎనిమిదో వారం మొదట్లో కళ్లద్దాలు ఆ గడిలో ఇలా రాసింది: "ఇక్కడ పనేదీ జరగడం లేదు. ఎవరూ ఏమీ నేర్చుకోవడం లేదు."

రాస్తే రాసింది. రాత గడి దాటి బయటికొచ్చింది. గడి దాటిన రాతని డిప్యూటీ గారు చదివి తీరాలని రూలు.

చదివారు. ఆఫీసు చరిత్రలో మొట్టమొదటి ప్రతికూల నివేదిక. గైడ్‌లైన్స్ ప్రకారం అలాంటిదొస్తే ఆ ఆఫీసు అధికారికి సంజాయిషీ నోటీసు ఇవ్వాలి. సంజాయిషీ సరిగ్గా లేకపోతే ఆ అధికారి సస్పెండు, ఆయన చోట వచ్చినవాళ్లు ఫైళ్లు క్లోజ్ చెయ్యకపోతే అక్కడ నేర్చుకున్నవాళ్ల ఎనిమిది వారాలూ రద్దు.

వరండాలో కళ్లద్దాల్ని చుట్టుముట్టాం.

"ఏమ్మా, తృప్తికరం అని రాస్తే చెయ్యి అరిగిపోతుందా?" అన్నాడు పొడుగోడు.

"అబద్ధం కదా."

"అందరం రాస్తున్నాంగా. అందరూ రాస్తే అది అబద్ధం కాదు, పద్ధతి."

"మరి మీ నాన్నకేం చెప్తావ్?" అన్నాను నేను.

ఆమె కళ్లద్దాలు తీసి చున్నీతో తుడుచుకుంది. "రాత్రి నుంచీ నేనూ అదే ఆలోచిస్తున్నా" అంది. వెనక్కి తీసుకుంటానని మాత్రం అనలేదు.

లోపల డిప్యూటీ గారు తన పేరు మీద తనే నోటీసు రాసి, అటెండరుకిచ్చారు. అటెండరు దాన్ని టేబులు కుడివైపు నుంచి తీసుకుని, మెట్లు దిగి, వీధిలోకెళ్లి, మళ్లీ మెట్లెక్కి, ముద్ర వేయించుకుని టేబులు ఎడమవైపు పెట్టాడు. డిప్యూటీ గారు విప్పి చదివారు. మొహం మాడిపోయింది.

"ఎవరిచ్చారిది?"

"మీరే సార్."

"చాలా ఘాటుగా రాశారే."

జవాబుకి మూడు రోజుల గడువు. చాలదని, ఇంకో వారం కావాలని డిప్యూటీ గారు దరఖాస్తు పెట్టుకున్నారు. కుర్చీ ఇటు తిప్పుకుని ఆ దరఖాస్తు చూసి, కుదరదు పొమ్మన్నారు. "ఇవాళ ఒకరికి అలుసిస్తే రేపు అందరూ అడుగుతారు" అని అటెండరుతో అన్నారు. పాపం, కూర్చుని పద్నాలుగు పేజీల సంజాయిషీ రాశారు. మళ్లీ కుర్చీ తిప్పి పద్నాలుగు పేజీలూ చదివారు.

"నమ్మశక్యంగా లేదు" అని చివర్లో రాసి, తనని తను సస్పెండ్ చేసుకున్నారు.

ఫ్లాస్కు, గొడుగు తీసుకుని తాళాలు అటెండరుకిచ్చి రసీదు రాయించుకుంటుంటే మేం అడ్డంపడ్డాం. "సార్, పోయేముందు మా సర్టిఫికెట్ల మీద ఒక్క సంతకం."

"సస్పెండైన మనిషి సంతకం చెల్లదు నాయనా" అన్నారు. "మీరింకా నేర్చుకోవాల్సింది చాలా ఉంది."

మర్నాడు మంత్రిగారు కెమెరాలతో వచ్చారు. ఖాళీ కుర్చీకి నమస్కారం పెట్టారు. "ఇలాంటి నిజాయితీపరులు దేశానికి ఎంతో అవసరం. ఆఫీసుకి మాత్రం వద్దు" అని, పీఏ వైపు తిరిగి, "సీనియర్ ఎవరయ్యా ఇక్కడ?" అన్నారు.

అటెండరు శాఖలో ఇరవై రెండేళ్లుగా ఉన్నాడు గానీ కాంట్రాక్టు మనిషి, ఉన్నట్టు లెక్కలోకి రాడు. పీఏ హాజరు పట్టీ తిరగేశాడు. మొదటిరోజు అందరికంటే పది నిమిషాల ముందు సంతకం పెట్టిన పేరు ఒకటుంది.

"ఈ అమ్మాయే సార్. పది నిమిషాలు సీనియర్."

"చూశారా" అన్నారు మంత్రిగారు కెమెరాలతో. "నా పథకంలో చేరిన విద్యార్థిని ఎనిమిది వారాల్లో ఇన్‌ఛార్జి అధికారి అయింది. శిక్షణ పూర్తి చేసిన నలభై ఒక్కమందికీ నా అభినందనలు."

"నలభై మందే కద సార్?" అన్నాడు విలేకరి.

"రిపోర్టుల్లో నలభై ఒకటుంది. రిపోర్టుల్ని అవమానించకండి."

కళ్లద్దాలు ముందుకొచ్చింది. "సార్, ఇక్కడెవరూ ఏమీ..."

పీఏ ఆయన చెవిలో ఏదో చెప్పాడు. మంత్రిగారు ఎంతో ప్రేమగా ఆమె తల మీద చెయ్యి పెట్టారు. "సోమవారం ఉద్యోగంలో చేరాలంట కదమ్మా. ఈ నలభై ఫైళ్లూ క్లోజ్ చేసెయ్, వెంటనే రిలీవ్ చేస్తాం. తొందరేం లేదు. నీ ఇష్టం."

శుక్రవారం పొద్దున మేమంతా వరసలో నిలబడ్డాం. డిప్యూటీ గారి కుర్చీ ఎత్తు ఎక్కువ, కళ్లద్దాలకి కాళ్లు నేలకానలేదు. అటెండరు రెండు ఫైళ్ల కట్టలు తెచ్చి పాదాల కింద పెట్టాడు.

ముందు పొడుగోడు.

"ఏం నేర్చుకున్నావ్?"

"నువ్వే రాశావుగా. ఏమీ లేదు."

ఆమె పెన్ను పట్టుకుని సర్టిఫికెట్ చూసింది. నేర్చుకున్న అంశం పన్నెండింటిలో ఒకటై ఉండాలి, జాబితా వెనకాల అచ్చేసి ఉంది. ఒకటికి రెండుసార్లు చదివింది. తర్వాత కాగితం వెనక్కి తోసింది.

"ఆ మాట ఇందులో లేదు. మళ్లీ వరసలో నిలబడు."

"టీమ్‌వర్క్ అనరా బాబూ" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

"టీమ్‌వర్క్" అన్నాడు.

సంతకం పెట్టింది. తర్వాతివాడు కమ్యూనికేషన్ అని సైగ చేసి చూపించాడు. అదీ పెట్టింది. మొదటి పదిమందిని మొహంలోకి చూసి అడిగింది. ఆ తర్వాత తల ఎత్తలేదు. "నెక్స్ట్" అనడం, చెయ్యి చాపడం. జాబితా ఒక చుట్టు అయిపోయి మళ్లీ మొదలైంది. ఆఖరివాణ్ణి నేను. వినయం నేర్చుకున్నానన్నాను. నవ్వుతుందేమోనని ఆగాను. సంతకం పెట్టి కాగితం తోసేసింది.

ఇక ఒక్క సర్టిఫికెట్టే మిగిలింది. ఆమెది.

"నా కాగితం మీద నేను పెట్టుకోకూడదు" అంది. "అధికారి సొంత కాగితమైతే ఇక్కడ శిక్షణ పూర్తయినవాళ్లు ఎవరైనా పెట్టొచ్చని రూలు. మిగతావాళ్లంతా వెళ్లిపోయారు. నువ్వు కూర్చో."

కుర్చీలో కూర్చున్నాను. ఆమె వచ్చి టేబులుకి అవతల నిలబడింది. కింద వీధిలో వాళ్ల నాన్న లారీ, ఇంజను ఆపకుండా, కూతురి కోసం ఆగి ఉంది.

పద్ధతి పద్ధతే కదా. "ఏం నేర్చుకున్నారు మేడమ్?" అని అడిగాను.

ఆమె నావైపు చూసింది. కిటికీలోంచి కిందికి చూసింది. ఆ నోట్లోంచి ఏం వస్తుందో నాకు నిజంగా తెలీదు.

"లీడర్‌షిప్" అంది.

రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది. వెనకాల ఎవరూ లేకపోయినా, "నెక్స్ట్" అంది.