వంటింటి కిటికీకి తాళం లేదు

"నేరం ఏడు సముద్రాల అడుగున దాక్కున్నా సరే, నా ముక్కు దాన్ని పట్టేస్తుంది!" అన్నాడు వజ్దీ, ఉమ్ షాదీ గుమ్మంలో నిలబడి.

అప్పటికే ఆమె వంటింట్లో వెల్లుల్లి మాడిపోతోంది. ఆ వాసన మాత్రం ఆయన ముక్కుకు అందలేదు.

వజ్దీ అలెగ్జాండ్రియా ట్రాముల్లో టిక్కెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. టిక్కెట్ లేనివాణ్ణి మొహం చూసే పట్టేసేవాణ్ణని చెప్పుకుంటాడు. ఆయన పట్టుకున్నవాళ్ళలో చాలామంది దగ్గర టిక్కెట్ ఉండేది. ఇప్పుడు కింది వాటాలో ఉంటూ, భవనంలో తప్పిపోయిన పిల్లుల కేసులు చూస్తున్నాడు. పిల్లులు ఆకలేసి వాటంతటవే వచ్చేస్తాయి. పేరు ఆయనకొస్తుంది.

"ఏం నేరం వజ్దీ గారూ?" అని స్టవ్ ఆపి వచ్చింది ఉమ్ షాదీ.

ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "సముద్రపు గాలి."

ఎవరైనా విన్నారేమోనని ఆమె మెట్లవైపు తొంగి చూసింది.

భవనంలో అందరికీ ఆమె ఉమ్ షాదీ, అంటే షాదీ అమ్మ. భర్త పోయాక, ఆ కొడుకు పెళ్ళి చేసుకుని సూయెజ్ వెళ్ళాక, ఆమె వయసు మళ్ళినవాళ్ళు తోడు వెతుక్కునే ఒక సైట్లో చేరింది. చేర్పించింది స్నేహితురాలు రతీబా. అసలు పేరు పెట్టకు, మొహం ఫోటో పెట్టకు, ఇల్లెక్కడో చెప్పకు, పిల్లల సంగతి ఎత్తకు, కలవాలంటే పట్టపగలు పదిమందీ ఉన్నచోట కలువు అని నేర్పింది. ఉమ్ షాదీ అన్నీ పాటించింది. సైట్లో ఆమె 'నిమ్మచెట్టు'. ఆమెతో మాట్లాడే మనిషి 'సముద్రపు గాలి'. అతను నిజమైతే సాయంత్రాలు టీ రెండు కప్పులు పెట్టుకోవచ్చు. అబద్ధమైతే ఎవరికీ తెలియకుండా మర్చిపోవచ్చు. భవనానికి తెలిసిందంటే మాత్రం చచ్చేదాకా మర్చిపోనివ్వరు.

ఫోనుకు రెండు తాళాలు వేసుకుంది. వంటింటి కిటికీకి వెయ్యలేదు. ఆ కిటికీ తెరుచుకునేది అన్ని వంటిళ్ళకూ మధ్యన పైనుంచి కిందిదాకా ఉన్న గాలి సందులోకి. కిటికీ దగ్గర నిలబడి ఆమె రతీబాకు ఫోన్లో అతని మాటలన్నీ చదివి వినిపించేది. కింద వజ్దీ చేపలు తోముకుంటూ వినేవాడు.

"ఇంకెవరికైనా చెప్పారా?" అంది నీరసంగా.

"సమాధి! నోరు సమాధి!" అని ఛాతీ మీద కొట్టుకున్నాడు. "కానీ కేసు నాకు అప్పగించాలి. లేకపోతే మీ క్షేమం కోసం భవనమంతటికీ చెప్పి హెచ్చరించక తప్పదు."

కేసు అప్పగించక తప్పలేదు.

వజ్దీ అనుమానితుడు పంపిన ఫోటోలు పరిశీలించాడు. ఒకదాంట్లో సగం తిన్న చేప, ఒకదాంట్లో కుర్చీ మీద నిద్రపోతున్న పిల్లి. మనిషి ఎక్కడా లేడు.

"చూశారా? పేరు చెప్పడు. మొహం చూపించడు. ఇల్లెక్కడో చెప్పడు. పట్టపగలు పదిమందిలో కలుద్దామంటాడు. ఆరితేరిన నేరస్థుడి లక్షణాలు!"

"నేనూ అవే చేశాను కదండీ."

వజ్దీ ఫోటోలు మళ్ళీ తిరగేశాడు. "అంటే మీ పద్ధతులన్నీ కాజేశాడన్నమాట. నేననుకున్నదానికన్నా గట్టివాడు."

శుక్రవారం నమాజు అయ్యాక, సముద్రం ఒడ్డునున్న పెద్ద కాఫీ హోటల్లో కలవడమని నిశ్చయమైంది. రతీబాకు జ్వరం. తోడుగా వెనక ఎవరో ఒకరు ఉండాలి. ఆ ఒకరు వజ్దీయే అయ్యాడు.

"దూరంగా కూర్చోండి. నోరు విప్పకండి," అని వెయ్యిసార్లు చెప్పి తీసుకెళ్ళింది.

అతను వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. మోకాలు నొప్పేమో, కూర్చునేముందు బల్ల పట్టుకున్నాడు.

"నిమ్మచెట్టు గారా?"

"సముద్రపు గాలి గారా?"

ఇద్దరికీ సిగ్గేసింది. ఆ తర్వాత ఏ పేరుతో పిలుచుకోవాలో తెలీక టీ గురించి మాట్లాడుకున్నారు. పుదీనా వేయమందామా అన్నాడు. వేయమందామంది. బాగానే నడుస్తోంది.

మూలబల్ల దగ్గర వజ్దీ వార్తాపత్రికకు కన్నం పెట్టుకుని చూస్తున్నాడు. ఎదుటి మూల ఇంకో పత్రిక తెరిచి ఉంది. దానికీ ఒక కన్నం. ఆ కన్నంలోనూ ఒక కన్ను. రెండు కళ్ళూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి.

"ముఠా!" అని లేచాడు వజ్దీ. రెండంగల్లో వెళ్ళి ఆ పత్రిక లాగేశాడు. వెనక లావుపాటి ఆవిడ.

"పట్టుబడ్డావు! నీ నాయకుడి పేరు చెప్పు!"

"నువ్వెవడివిరా నన్నడగడానికి?" ఆవిడ హ్యాండ్‌బ్యాగుతో ఒక్కటిచ్చింది. "వాడు నాయకుడేంటి, నా అన్న! రమ్జీ! పెద్దాసుపత్రిలో ఎక్స్‌రేలు తీసీ తీసీ రిటైరయ్యాడు! వదిన పోయాక ఆ పిల్లితో తప్ప మాట్లాడ్డంలేదు! బెండకాయ పడదు, అబద్ధం చెప్పడం రాదు, చెబితే చెవులు ఎర్రబడతాయి! ఎవరో మొహం చూపించని మాయలాడి వలలో పడ్డాడని నేను కాపలాకొచ్చాను!"

"సుహైర్!" అన్నాడు రమ్జీ. అతని చెవులు మామూలు రంగులోనే ఉన్నాయి.

ఉమ్ షాదీ ఆ చెవులవైపే చూసింది. ఇన్నాళ్ళూ ఎలా తెలుసుకోవాలా అని మథనపడినవన్నీ ఒక్క గుక్కలో వచ్చేశాయి.

"మాయలాడా?" వజ్దీ భగ్గుమన్నాడు. "ఆవిడ ఎవరనుకుంటున్నావు?"

"చెప్పు. ఎవరు? పేరేంటి?"

ఉమ్ షాదీ కళ్ళు మూసుకుంది. అయిపోయింది. ఇన్ని జాగ్రత్తలూ ఈ ఒక్క నోటికి బలి.

"ఆవిడ పేరు..." వజ్దీ ఆగాడు. నోరు తెరిచే ఉంది. ముప్ఫయ్యేళ్ళుగా ఒకే మెట్లెక్కి దిగుతున్నాడు. అయినా ఆడవాళ్ళ పేరు అడగడం మర్యాద కాదని ఎప్పుడూ అడగలేదు. భవనంలో ఎవరూ అడగలేదు. "...ఉమ్ షాదీ!" అన్నాడు చివరికి, బింకంగా.

పక్క బల్ల నుంచి ఒకావిడ తల తిప్పింది. "ఆఁ?"

కిటికీ దగ్గర ఇంకొకావిడ కూడా తిప్పింది. "ఎవరు నన్ను పిలిచింది?"

"ఊళ్ళో సగంమంది ఉమ్ షాదీలే," అంది సుహైర్ చప్పరించి. "షాదీ అమ్మ అంటే సరా? మనిషికో పేరుండదూ?"

వజ్దీ గౌరవంగా దగ్గి, కోటు దులుపుకుని, సర్వరు వైపు తిరిగి ప్రకటించాడు. "కేసు పరిష్కారమైంది. అనుమానితుడు నిర్దోషి. అంతా నేను వేసిన పథకం ప్రకారమే జరిగింది."

సర్వరు పత్రికలో కన్నం చూసి, అది హోటల్ పత్రిక అన్నాడు.

ఉమ్ షాదీ కళ్ళు తెరిచింది. తన పేరు ఇంకా తన దగ్గరే భద్రంగా ఉంది. ఇవ్వాలా వద్దా అన్నది తన ఇష్టం. టీ కప్పు పక్కకు జరిపి, రమ్జీకి మాత్రమే వినపడేట్టు చెప్పింది.

"నా పేరు దౌలత్."

"దౌలత్," అన్నాడతను, మర్చిపోకుండా దాచుకుంటున్నట్టు.

వజ్దీ చెవులు నిక్కబొడుచుకున్నాయి. సుహైర్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, గుసగుసగా అడిగాడు.

"విన్నావా? దౌలత్ అట. ఎవరామె? ఈ కేసులో ఇంకో ఆడమనిషి ఉంది!"