రిమోట్‌లో లీకు

ఆ ఆదివారం పొద్దున ప్లాను చాలా చిన్నది. పది గంటలకు టీవీలో, ముందే రికార్డు చేసిన కుట్టు టీచరు కార్యక్రమం వస్తుంది. పాత బట్టల్ని కొత్తవిగా ఎలా మార్చుకోవచ్చో ఆవిడ కుట్టి చూపిస్తుంది. కుట్టు క్లాసు అమ్మాయిలు, పై అంతస్తుల ఆడవాళ్ళు వచ్చి హాల్లో కూర్చుని చూస్తారు. అందరికన్నా ముందు ఆవిడ భర్త కూర్చోవాలి. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన భార్య కుట్టుపనిని నిలబడి చూసిన పాపాన పోలేదు. ఈసారైనా చూస్తారని ఆవిడ ఆశ.

ఆయన నీటి సరఫరా ఆఫీసులో పనిచేస్తారు. రోడ్డు కింద గొట్టం ఎక్కడ కారుతోందో పైనుంచే కనిపెట్టడం ఆయన ఉద్యోగం. అందుకే అపార్టుమెంటులో అందరూ లీకుల సారు అంటారు. ఆ పేరు ఆయనకు నచ్చింది కూడా.

తొమ్మిది దాటాక టీవీ పెట్టబోతే రిమోట్ పలకలేదు. మొన్న మొన్న వేసిన బ్యాటరీలు అప్పుడే చచ్చాయి. వారం తిరక్కుండా జత బ్యాటరీలు మింగడం, టీవీ సౌండు దానంతటదే పెంచేయడం ఆ రిమోట్‌కి అలవాటే. టీవీకి వెనకాల ఎక్కడో మీట ఉందంటారు గానీ, గోడకు బిగించాక దాని మొహం చూసినవాళ్ళు లేరు.

"వీధి చివర కొట్లో కొత్తవి తెచ్చేయండి, అయిపోతుంది," అంది టీచరు.

"తెచ్చి వేస్తే మళ్ళీ తాగేస్తుంది. లీకు పట్టకుండా ట్యాంకు నింపితే ఏం లాభం? ఇవాళ దీని అంతు తేలుస్తా."

"ఇవాళేనా అండీ? పదింటికి..."

"పదిలోపే!"

లీకుల సారుకి ఒక పద్ధతుంది. నీళ్ళు ఏ వీధిలో కారుతున్నాయో తెలియనప్పుడు ఒక్కో వాల్వూ కట్టుకుంటూ పోతారు. ఏది కడితే కారడం ఆగుతుందో అక్కడే లీకు. ఇక్కడ తప్పు బ్యాటరీలదా, రిమోట్‌దా? తేలాలంటే పనిచేస్తున్న బ్యాటరీలు వేసి చూడాలి. గోడ గడియారంలోంచి ఒకటి, కాలింగ్ బెల్లులోంచి ఒకటి లాగారు. టీవీ ఒకసారి కళ్ళు తెరిచి మూసుకుంది. వాళ్ళమ్మగారి బీపీ మిషన్లోవి తీశారు. అవీ అంతే. ఈలోగా తీసినవన్నీ ఒకే పళ్ళెంలో కలిసిపోయాయి. చచ్చినవీ బతికినవీ చూడ్డానికి ఒకేలా ఉన్నాయి. చేతికి దొరికినవి తిరిగి పెట్టేశారు.

కాసేపటికి అమ్మగారు బీపీ చూసుకోవడానికి కూర్చున్నారు.

"ఒరేయ్, నాకు బీపీ రావడం లేదురా! పైదీ లేదు, కిందదీ లేదు!"

"మిషన్లో బ్యాటరీలు నేను తీశానమ్మా."

"తీసి మళ్ళీ పెట్టావుగా! చూస్తూనే ఉన్నా. లోపం నాలోనే ఉంది," అంటూ ఆవిడ సోఫాలో వాలిపోయారు.

టీచరు పరుగున వచ్చి మంచినీళ్ళు పట్టింది, అరికాళ్ళు రుద్దింది. మధ్యలో గడియారం చూసి, ఇంకా బోలెడు టైముందని మనసు కుదుటపరచుకుంది. అత్తగారి పాదాలు వెచ్చబడే సమయానికి ఫోను మోగింది. క్లాసు అమ్మాయి.

"టీచర్, తలుపు తీయరేంటి? బెల్లు నొక్కీ నొక్కీ వేలు నొప్పెట్టింది. లోపల ఏదో గొడవగా ఉందని అందరం కింద పళ్ళ డాక్టరమ్మ గారింటికి వచ్చేశాం. మీరు టీవీలో వచ్చేశారు!"

"అప్పుడేనా? ఇంకా తొమ్మిదిన్నర కూడా కాలేదే!"

ఆవిడ గడియారం వైపు చూసింది. కదలని సెకన్ల ముల్లు వైపు చూసింది. తర్వాత భర్త వైపు చూసింది.

"పదవే అమ్మాయ్, అయిపోతుంది!" అని అత్తగారు బీపీ సంగతి మరిచిపోయి చెప్పుల్లేకుండా మెట్లు దిగిపోయారు.

"మీరూ రండి," అంది టీచరు.

"దగ్గరికొచ్చేశానే. ఇప్పుడు వదిలేస్తే ఎలా?"

"నన్ను చూడ్డానికండీ."

"ఇక్కడే చూస్తాగా. దొరికేస్తుంది."

ఆవిడకు ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా టైము లేక కిందికి పరిగెత్తింది.

లీకుల సారు రిమోట్‌ని అటూ ఇటూ తిప్పారు. ఇక కట్టడానికి ఏ వాల్వూ మిగల్లేదు. మిగిలింది ప్లాస్టిక్ కవరొక్కటే. దుమ్ము పడకూడదని టీవీ కొన్నరోజే ఆయన రిమోట్‌ని, బ్యాటరీల మూత ఒక్కటీ వదిలి, కవర్లో చుట్టి, కారే గొట్టానికి బిగించినట్టు రబ్బరు బ్యాండ్లు బిగించారు. అందులో ఒకటి సరిగ్గా సౌండు పెంచే మీట మీద కూర్చుంది. పగలూ రాత్రీ దాన్ని నొక్కిపట్టే ఉంది.

"దొరికింది!" అని అరిచారు. వినడానికి ఇంట్లో ఎవరూ లేరు.

కవరు పీకేశారు. ఆఫీసు సొత్తని అంతదాకా ముట్టుకోని టార్చిలోంచి బ్యాటరీలు తీసి వేశారు. టీవీ గోడలదిరేలా మోగుతూ వెలిగింది. తెరనిండా భార్య. అరిగిపోయిన చొక్కా కాలరును విప్పి, తిప్పి, కుడుతోంది. గీత గీయకుండానే ఆవిడ కత్తెర తిన్నగా పోతోంది. ఆయన కూర్చోవడం మరిచిపోయి అలాగే చూశారు. ఇన్నాళ్ళూ చూడనందుకు సిగ్గేసింది.

"ఇంత ఓపిక ఎలా వచ్చింది మేడమ్?" అని యాంకరు అడిగింది.

"మావారు ఇంట్లో వస్తువులు బాగుచేస్తుంటే పక్కన నిలబడి చూస్తానండి. అలా అలవాటైపోయింది."

కింద డాక్టరమ్మగారింట్లో పుట్టిన నవ్వు నేలలోంచి ఆయన కాళ్ళకు తగిలింది.

టీచరు తిరిగొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. "చూశారా? చివర్లో ఏదో నోరుజారి..."

"కాలరు తిప్పినచోట అతుకే కనపళ్ళేదే. ఇంత బాగా ఎప్పుడు నేర్చుకున్నావు?"

ఆవిడ కళ్ళు తడయ్యాయి. "మీరు పక్కగదిలో ట్యూబ్‌లైట్లు విప్పుతున్నప్పుడు."

ఆయన గట్టిగా నవ్వేశారు. ఆవిడా నవ్వింది. ఇస్త్రీపెట్టె సరిగ్గా వేడెక్కడం లేదన్న సంగతి మాత్రం ఆ ఇంట్లో ఇప్పటికీ ఆయనకు ఎవరూ చెప్పలేదు.