పెట్టెలోకి దిగిన ఊరు

ఆ రోజు పొద్దున పుల్లయ్య ఇంట్లో ముగ్గురికీ మూడు పనులు. నాగలక్ష్మమ్మ వీధిలో ఆడవాళ్ళతో కలిసి వ్యానులో అహోబిలం పోవాలి. కూతురి కొడుకు శ్రీకాంత్ కర్నూలు పోయి బ్యాంకు పరీక్ష రాయాలి. పుల్లయ్య ఇంట్లో కూర్చుని ఒక కంప్యూటరు ఆగిపోకుండా చూసుకోవాలి. మూడింటిలోకీ తేలికైనది తన పనేనని ఆయన అనుకున్నాడు.

పుల్లయ్య రైల్వేలో గేటుమ్యాన్‌గా చేసి రిటైరయ్యాడు. డోన్ దాటినాక రోడ్డు పట్టాలకు అడ్డం వచ్చే చోట ఆయన గేటు. ఉద్యోగమంతా గేటు వేయడం, తీయడం, ఫోనులో రెండు ముక్కలు చెప్పడం. గేటు వేసినాను. బండి పోయింది. అంతకు మించి మాట్లాడితే రైలు ఆలస్యమవుతుందన్నట్టు బతికాడు. గేటు పోయినా ఆ అలవాటు పోలేదు.

శ్రీకాంత్‌కూ వాడి కాలేజీ స్నేహితులకూ ఒక ఆట ఉంది. ఎవరి ఊళ్ళో వాళ్ళు కంప్యూటరు ముందు కూర్చుని అందరూ ఒకే అడవిలో దిగుతారు. అక్కడ ఒంటి మీద గుడ్డలు తప్ప ఏమీ ఉండదు. చెట్టు కొట్టాలి, గుడిసె వేసుకోవాలి, గింజ పండించాలి, చలికీ మృగాలకూ చావకుండా చూసుకోవాలి. చదువులైపోయి తలా ఒక దిక్కుకు పోయినా సాయంత్రమైతే పిల్లలంతా ఆ అడవిలోనే కలిసేవారు. కలిసి కలిసి చివరికి అక్కడ ఒక ఊరే కట్టారు.

ఆ ఊరు నిలబడాలంటే సర్వర్ అని ఒక కంప్యూటరు ఎప్పుడూ నడుస్తూ ఉండాలి. ఇన్నాళ్ళూ అద్దె సర్వర్‌లో ఉండింది. ఆ అద్దెకిచ్చేవాళ్ళు దుకాణం ఎత్తేస్తున్నామని, ఆ సాయంత్రంలోగా ఎవరి ఊరు వాళ్ళు తీసుకుపొమ్మని చెప్పేశారు. శ్రీకాంత్ మూతపడిన నెట్ సెంటరు నుంచి పాత కంప్యూటరొకటి తెచ్చి, దానికి మరే పనీ పెట్టకుండా ఊరి కోసమే సిద్ధం చేశాడు.

ఆ ఊరి పొలిమేరలో ఒక రైలు గేటు ఉంది. రైల్వే వాళ్ళు పట్టాల కింద దారి తవ్వి, పుల్లయ్య గేటు పీకేసి, ఆయన కూర్చున్న గది కూల్చేసినప్పుడు, పిల్లలు ఆ గేటునూ గదినీ ఆటలో మళ్ళీ కట్టారు. గది ముందు పచ్చజెండా పట్టుకున్న బొమ్మొకటి, పుల్లయ్యకున్నట్టే పెద్ద మీసాలతో, నిలబెట్టారు. ఆ రోజు నుంచి సాయంత్రమైతే పుల్లయ్య మనవడి వెనక కుర్చీ వేసుకుని, గేటు కనబడేదాకా కూర్చుని, కనబడినాక లేచి పోయేవాడు.

"తాతా, ఊరు దీంట్లోకి దిగుతాండాది," అన్నాడు శ్రీకాంత్ తెర మీద పాకుతున్న పచ్చగీత చూపించి. "సాయంత్రం దాకా పడ్తాది. మధ్యలో ఆగితే మళ్ళా మొదట్నుంచి దిగాల. అంత టైము లేదు. ఆగిందంటే ఊరు పోయినట్టే."

"నా గేటు?"

"అదీ పోతాది."

పుల్లయ్య లేచి నిలబడ్డాడు. "ఛార్జీ ఇచ్చి పో."

రైల్వేలో అదొక పద్ధతి. డ్యూటీ దిగేవాడు ఛార్జీ ఇచ్చినానని నోటితో చెప్పాలి, ఎక్కేవాడు తీసుకున్నానని చెప్పాలి. తీసుకున్నవాడు మళ్ళీ ఇంకొకడికి ఇచ్చేదాకా పిడుగు పడినా కదలకూడదు. శ్రీకాంత్ నవ్వకుండా చెప్పాడు, పుల్లయ్య తీసుకున్నాడు. పరీక్షలో ఫోను ఆపేయాలని చెప్పి మనవడు బస్సుకు పోయాడు.

ఎండ ఎక్కేకొద్దీ కంప్యూటరు పెట్టె వేడెక్కింది. పుల్లయ్య గోనెపట్టా తడిపి కిటికీకి కట్టాడు. వైరు ఎవరి కాలికైనా తగులుతుందని తలుపు ఓరగా వేసి, గడప ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. లోపల చీకటి, ఫ్యాను గుయ్యిమనే చప్పుడు, మినుకుమనే పచ్చదీపం. అప్పుడే కరెంటు పోయింది.

ఇన్వర్టరు అందుకుంది. అది ఎంతోసేపు రాదని పుల్లయ్యకు తెలుసు. ఇంట్లో ఫ్యాన్లు ఆపాడు, ఫ్రిజ్జు ఆపాడు, దేవుడి గూట్లో చిన్న బల్బు కూడా ఆపాడు. తర్వాత లైన్‌మన్ దావీదురాజుకు ఫోను చేశాడు.

లైను మీద మనుషులు పని చేస్తున్నారని, సాయంత్రం దాకా కరెంటు రాదని దావీదురాజు చెప్పాడు.

"ఇంట్లో మిషన్ నడుస్తాండాది," అన్నాడు పుల్లయ్య. "ఆగకూడదు."

అవతల గొంతు తగ్గింది. "శానా కష్టంగా ఉండాదా పెద్దాయనా?"

పుల్లయ్య ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. "ఆగితే అంతే."

పోయిన ఏడాది దావీదురాజు తల్లి చివరి రోజుల్లో ఇంట్లోనే ఆక్సిజన్ మిషన్ మీద ఉండింది. ఇంట్లో ఆగకూడని మిషన్ అంటే అతనికి అదొక్కటే తెలుసు. ఎవరికి ఏమైందని మాత్రం అడగలేదు. ఆ వీధిలో రోగం పేరు అడగడం మర్యాద కాదు. పోవాలి, భుజం మీద చెయ్యి వేయాలి, తెచ్చింది అక్కడ పెట్టాలి, కాసేపు కూర్చోవాలి. దావీదురాజు తనలో తానే లెక్క వేసుకున్నాడు. పెద్దాయన ఫోనులో మాట్లాడుతున్నాడు. పెద్దమ్మ పొద్దున వ్యాను ఎక్కుతుంటే చూశాడు. ఇక మిగిలింది శ్రీకాంత్. వాడికి ఫోను చేస్తే ఆపేసి ఉంది. టెంట్ హౌస్ ఖాసిం వలికి ఫోను చేసి, జనరేటర్ కావాలన్నాడు, ఎందుకో చెప్పాడు.

ఖాసిం వలి జనరేటర్‌ను బండి మీద పెట్టించుకుని తానే వచ్చాడు. గడప దాకా వచ్చి, తడి గోనె, చీకటి, పచ్చదీపం చూసి చెప్పులు విడిచాడు.

"ఎంతసేపు నడపాలప్పా?"

"సాయంత్రం దాకా."

"సాయంత్రం దాటితే?"

"దాటితే భయం లేదు."

ఖాసిం వలి పుల్లయ్య భుజం మీద చెయ్యి వేసి వదిలాడు. చెన్నైలో పనిచేసే అతని కొడుకు అష్రఫ్ కూడా ఆ ఆటలో ఉన్నవాడే. కాబట్టి ఖాసిం వలికి ఊరి సంగతి అంతా తెలుసని, కొడుకు ఊరు కోసమే పరుగెత్తుకొచ్చాడని పుల్లయ్య అనుకున్నాడు. తెలిసినవాడికి మళ్ళీ ఎందుకు చెప్పడం?

జనరేటర్ మోత విని వీధి కదిలింది, దావీదురాజూ వచ్చాడు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే చెప్పులు విడిచారు. ఎవరో రొట్టె ప్యాకెట్టు పెట్టారు, ఎవరో బత్తాయిలు, ఎవరో టెంకాయ నీళ్ళు. అందరూ ఒకసారి భుజం మీద చెయ్యి వేశారు. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఓరతలుపు లోంచి పచ్చదీపం చూసి, ఇంకా కొట్టుకుంటూ ఉందని పక్కామెకు చెప్పింది. డోన్ ఎండలో జనం నిలబడి ఉండడం చూడలేక ఖాసిం వలి కుర్చీలూ షామియానా తెప్పించాడు. రంగు రంగుల షామియానాలన్నీ ఒక పెళ్ళికి పోయాయి. ఉన్నది తెల్లదొకటే.

పిల్లల ఆట కోసం ఇంత మందా అని పుల్లయ్యకు మనసు నిండింది. మనసు నిండితే ఆయన మామూలు కంటే తక్కువ మాట్లాడతాడు. మామూలుగా మాట్లాడేదే లేదు గనుక, ఆ తేడా ఎవరికీ తెలియలేదు. ఖాసిం వలి భార్య రహమత్ బీ అన్నం, పప్పు తెస్తే కడుపునిండా తిన్నాడు. మనిషికి మతి చలించిందని జనం తలలు తిప్పుకున్నారు.

ఇంటి ముందు తెల్ల షామియానా, కింద నోరు మెదపకుండా కూర్చున్న జనం. ఆ దారిన పోయే రైల్వే పాత మనిషికి అది చాలు. కాసేపట్లో పుల్లయ్యతో పనిచేసిన వాళ్ళంతా ఒక పెద్ద బంతిపూల దండతో వచ్చారు. వాళ్ళూ అడగలేదు. దండ పుల్లయ్య చేతిలో పెట్టి తలలు వంచుకున్నారు.

పుల్లయ్య సిగ్గుపడ్డాడు. ఇంటికి కొత్త మిషన్ వస్తే దండ వేయాలన్న ముక్క తనకు తోచలేదు, వీళ్ళకు తోచింది. లోపలికి పోయి పెట్టెకు దండ వేసి, గాలి ఆడేచోట పూలు అడ్డం రాకుండా సర్ది, బయటికి వచ్చి మళ్ళీ కూర్చున్నాడు. దండతో లోపలికి పోయిన మనిషి ఖాళీ చేతులతో రావడం చూసి ఆడవాళ్ళు ఒక్కసారిగా ఏడుపు ఎత్తుకున్నారు. ఎవరో అహోబిలం పోయిన వ్యాను డ్రైవరుకు ఫోను చేశారు. కొండల్లో ఫోను సరిగా పలకదు. ‘శ్రీకాంత్, మిషన్’ అనే వరకే డ్రైవరుకు వినబడి తెగిపోయింది.

సాయంత్రం అవుతుండగా శ్రీకాంత్ వీధి మొదట్లో ఆటో దిగాడు. తెల్ల షామియానా చూశాడు. ఏడుస్తున్న ఆడవాళ్ళను చూశాడు. ఇంట్లో ఉన్నది తాత ఒక్కడే. పరీక్ష సంచి అక్కడే పడేసి "తాతా" అని ఏడుస్తూ పరిగెత్తాడు.

చచ్చినవాడు ఏడుస్తూ ఎదురొస్తే ఏం చేయాలో డోన్‌లో ఎవరికీ తెలియదు. కుర్చీలు పడ్డాయి. రైల్వే వాళ్ళు జనరేటర్ వెనకకు పోయారు. దావీదురాజు శిలువ గుర్తు వేసుకుని ఉన్నచోటే కూలబడ్డాడు. జనాన్ని తోసుకుంటూ శ్రీకాంత్ గడప దగ్గరికి వస్తే, తాత బత్తాయి వలుచుకుంటున్నాడు.

"వచ్చినావా?" అన్నాడు పుల్లయ్య. "ఛార్జీ తీసుకో."

అంతలోనే వ్యాను వచ్చి ఆగింది. నాగలక్ష్మమ్మ దిగుతూనే మనవడి మీద పడి, తల నుంచి కాళ్ళ దాకా తడిమి, ఎక్కడా ఏ గొట్టమూ లేదని తేల్చుకుని, అప్పుడు ఏడ్చింది. ఆమె ఏడుపు అయ్యేసరికి మిగతావాళ్ళకు సంగతి ఒక్కొక్క ముక్కగా అర్థమవుతూ వచ్చింది. చివరికి అందరూ పుల్లయ్య వైపు తిరిగారు.

"ఆటకా పెద్దాయనా?" అన్నాడు దావీదురాజు. "పొద్దున్నుంచీ నేను మెతుకు ముట్టలే. ఆటకా?"

ఖాసిం వలి పోయి జనరేటర్ మీద చెయ్యి పెట్టాడు, ఆపడానికి. లోపల పచ్చగీత అంచుకు ఇంకా చేరలేదు. పుల్లయ్య కుర్చీలోంచి లేచాడు. ఆయన లేచి మాట్లాడడం ఆ వీధి ఎన్నడూ చూడలేదు.

"నేను దాయలేదప్పా. మీరు అడగలే, నేను చెప్పలే. మా పిల్లోల్ల ఊరంటే మీకింత ప్రేమ ఉండాదా అనుకున్నా. నా గేటు పీకేసినపొద్దు ఈడికి ఒక్కరు రాలే. నేనూ ఎవురికీ చెప్పలే. ఆ గేటు ఇప్పుడు దాంట్లో ఉండాది. దాని కోసరమే అందరూ వచ్చినారని పొద్దున్నుంచీ సంతోషపడతాండా. తప్పయితే ఆపెయ్. మీరు కూర్చున్నారు, నాకు అదే శానా."

ఇన్ని మాటలు మాట్లాడి ఆయన ఆయాసపడ్డాడు. ఖాసిం వలి చెయ్యి జనరేటర్ మీద అట్లాగే ఉంది. అది ఆగలేదు. పచ్చగీత అంచును తాకింది.

శ్రీకాంత్ లోపలికి పోయి ఏవో మీటలు నొక్కాడు. తెర మీద అడవి వచ్చింది, అడవిలో ఊరు, ఊరి పొలిమేరలో గేటు, గేటు దగ్గర మీసాల బొమ్మ. అక్కడ వాన పడుతూ ఉంది. గడపలో నిలబడిన జనం మెడలు చాచి ఆ వాన చూశారు. పెట్టెలోంచి ఒక గొంతు వచ్చింది.

"శ్రీకాంతూ, ఊరు దిగిందా? మా అబ్బ అంగడి ఉండాదా, ముందు అది చూడు."

అష్రఫ్ గొంతు. శ్రీకాంత్ బొమ్మను గేటు దాటించి వీధిలోకి నడిపించాడు. గేటు పక్కనే టెంట్ హౌస్. ముందు పేర్చిన కుర్చీలు, చుట్టి నిలబెట్టిన షామియానాలు, గోడ మీద ఖాసిం వలి పేరు. అష్రఫ్ అంగడి విడిచి చెన్నై పోయినప్పటి నుంచి తండ్రీకొడుకుల మాటలు బాగుండావా, తిన్నావా దగ్గరే ఆగిపోయాయి. అంగడి మీద వాడికి మనసు లేదని ఖాసిం వలి తేల్చేసుకున్నాడు.

"ఉండాది లేరా," అన్నాడు ఖాసిం వలి గడపలోంచి.

"అబ్బా? నువ్వు ఈడ ఏం చేస్తాండావు?"

"జనరేటర్ పెట్టినా."

పుల్లయ్య తన కుర్చీ తెచ్చి ఖాసిం వలికి వేశాడు. తెచ్చిన బత్తాయిలూ రొట్టెలూ ఎవరివి వాళ్ళకు ఇవ్వడం మర్యాద కాదు గనుక, అందరూ షామియానా కింద కూర్చుని అక్కడే తిన్నారు. దావీదురాజుకు రహమత్ బీ రెండుసార్లు వడ్డించింది. వారం తిరక్కుండా ఆటలోని గేటు పక్కన ఒక కరెంటు స్తంభం లేచింది. దాని మీద దీపం ఎన్నడూ ఆరకూడదని పుల్లయ్య మనవడికి చెప్పాడు. కింద దావీదురాజు పేరు రాయించాడు.

ఒక్క సంగతి మిగిలింది. డ్రైవరు పరుగెత్తుకొచ్చి ఫోనులో వినబడిన ఆ రెండు ముక్కలు చెప్పినప్పుడు నాగలక్ష్మమ్మ నరసింహస్వామి గుడి మెట్ల మీద ఉంది. మనవడు గండం గట్టెక్కితే మీసం ఇప్పిస్తానని అక్కడే మొక్కుకుంది. మనవడి జుట్టు మొక్కుదామంటే వాడికి సంబంధాలు చూస్తున్నారు, అందుకని మొగుడి మీసం మొక్కింది. గండమే లేదు కదా అవ్వా అని శ్రీకాంత్ వాదించాడు. లేకపోవడమే స్వామి దయ అని ఆమె అంది. పుల్లయ్య తనకు జరిగిన మేలంతా తలచుకుని, ఒక్క మాట అనకుండా, ఆ తర్వాతి శనివారం అహోబిలం పోయి మీసం ఇచ్చి వచ్చాడు.

గేటు దగ్గరి బొమ్మకు మాత్రం మీసం అట్లాగే ఉంది.