ఎండిన ఊరికి అంబులెన్సు పడవ

లారీ మీద వచ్చిన పడవ ఆసుపత్రి గేటులో అడ్డంగా ఇరుక్కుపోయింది. లోపలికి పోదు, వెనక్కి రాదు. దాని వెనక అంబులెన్సు ఆగకుండా హారన్ కొడుతోంది.

పెద్ద డాక్టరమ్మ ఫోనులో అరిచింది. "అన్నయ్యా! కుళాయిల్లో చుక్క లేదు, ఆపరేషన్లు ఆపేశాం. ట్యాంకర్ పంపండి మహాప్రభో అంటే పడవ పంపుతారా? దేంట్లో తిప్పమంటావ్, నా కన్నీళ్ళల్లోనా?"

అన్నయ్య జాతీయ ప్రణాళికా శాఖ డైరెక్టరు. "ఎవడో తలమాసినవాడు చేసిన పనమ్మా. వస్తున్నా ఉండు" అన్నాడు. ఆ తలమాసినవాడెవరో ఆయనకు బాగా తెలుసు.

ఏటా ప్రతి శాఖా రెండింతలు అడిగేది, ఖజానా సగం కోసేది. దేశానికి ఏం కావాలో ఎవరూ అడిగేవారు కాదు. ఈ తంతు మాన్పించాలని డైరెక్టరు కొత్త పద్ధతి తెచ్చాడు: ముందు లక్ష్యం, తర్వాతే నిధులు. అలవాటు కోసం ఒక ఉత్తుత్తి లక్ష్యంతో రిహార్సల్ పెట్టాడు. ఉన్న కరువంటే నిధుల కోసం కొట్టుకుంటారని, వరద వస్తుందనుకోండి అన్నాడు.

ఎవరూ కొట్టుకోలేదు. ఆరోగ్యశాఖ అంబులెన్సు పడవలు అడిగింది. అది చూసి విద్యాశాఖ ఈత మాస్టర్లను అడిగింది. మేమేం తక్కువ తిన్నామా అని పశుసంవర్ధక శాఖ తేలే కొట్టాలు అడిగింది. అన్ని శాఖలూ ఒక్క మాట మీద నిలబడటం అదే మొదలు. మంత్రిగారు మురిసిపోయి, అదే జాతీయ వ్యూహమని ప్రకటించి, డైరెక్టరు భుజం తట్టారు. ఆ చెయ్యి తీశాక, ఇది ఉత్త రిహార్సలేనని నిజం చెబుదామనుకున్నాడు. తీసేలోపు విలేకరులు ఫొటోలు తీసేశారు. ట్యాంకర్ల నిధులు పడవలకు వెళ్ళిపోయాయి.

ఇప్పుడు ఇరుక్కున్న పడవ ఫొటో టీవీలో చూసి, డైరెక్టరు వెనకే మంత్రిగారూ శాఖల అధికారులతో ఆసుపత్రికి దిగారు.

"ఎవరయ్యా ఈ పని చేసింది?"

శాఖల అధికారులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "లారీ డ్రైవరు దారి తప్పాడు సార్" అన్నాడొకడు.

"అయితే పీకెయ్యండి వాణ్ణి!"

"అయ్యా, తెమ్మన్న చోటికే తెచ్చాను! నీళ్ళున్నాయో లేదో చూసుకోవడం కూడా నా పనేనా?" డ్రైవరు చేతులు జోడించాడు.

"మా అన్నయ్య తేలుస్తాడులే, నువ్వు భయపడకు" అంది డాక్టరమ్మ.

ఆ నమ్మకమే డైరెక్టరును కోసేసింది. భుజం మీద చెయ్యి ఉండగానే నోరు తెరిచి ఉంటే ఈ పాటికి లోపల ఆపరేషన్లు జరుగుతుండేవి.

"డ్రైవరు కాదు సార్. ఆ వరద ఉత్తుత్తిది. పెట్టింది నేను, తెలిసీ నోరు మూసుకున్నదీ నేనే."

శాఖలన్నీ హాయిగా ఊపిరి పీల్చుకున్నాయి. తల దించుకున్నది చెల్లెలొక్కతే.